బ్యారక్‌కి ఇద్దరు

రెండు వందల పదిహేడు పడిపోయాడు, కదలడం లేదు, పన్నెండో బ్యారక్ మెట్ల దగ్గర. కటకటాల అవతల స్టూలు మీద కూర్చున్న కాపలా పెద్దాయన నడుముకున్న వైర్‌లెస్ సెట్టు ఆ మాటలు చెప్పి, ఎవరిదో కేక ఒకటి వినిపించి, గరగరమని గొంతు మూసుకుంది. పెద్దాయన దాన్ని అరచేత్తో రెండుసార్లు చరిచాడు. కటకటాల ఇవతల, అచ్చయిన బడ్జెట్ పుస్తకాల కట్టల మధ్య నిలబడ్డ ఆర్థిక శాఖ అధికారిణి, కోతలు వేస్తుందని అందరూ కత్తెర మేడం అనే ఆవిడ, ఆ అంకెని గట్టిగా పట్టుకుంది. అంకెల్ని పట్టుకోవడమే ఆమె బతుకు. రాష్ట్రం మొత్తానికి ఎన్ని పద్దులో, ఏ పద్దు కింద నిరుడు ఎంత ఖర్చయిందో నిద్రలో తట్టి లేపి అడిగినా చెబుతుంది. పదమూడంకెల కోడ్‌ని ఫోన్ నంబర్‌లా అప్పజెబుతుంది. ఆర్థిక శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఆమె జ్ఞాపకశక్తి మీద పందేలు కాస్తారు. అలాంటి మనిషికి సొంత తమ్ముడి బిళ్ళ నంబరు తెలియదు, వైర్‌లెస్‌లోనేమో జైలు వార్డర్లకి పేర్లుండవు, బిళ్ళ నంబర్లే. తమ్ముడు ఊళ్ళోని పెద్ద జైల్లో వార్డరు. పన్నెండో బ్యారక్ అతనిదే. పదహారేళ్ళుగా ఛాతీ మీద ఇత్తడి బిళ్ళ తగిలించుకుని ఆమె కళ్ళముందే తిరుగుతున్నాడు, దాని మీద ఏ అంకె ఉందో ఒక్కసారైనా చదివిన పాపాన పోలేదు ఈ మహాతల్లి.

ఇక్కణ్ణుంచి కదలడానికి లేదు. బడ్జెట్ అచ్చుకి వెళ్ళిన గంట నుంచి మంత్రిగారు సభలో ప్రసంగం ముగించి కూర్చునేదాకా ఇద్దరు అధికారులూ పద్నాలుగు మంది ప్రెస్ పనివాళ్ళూ ఈ నేలమాళిగలోనే ఉండాలి, ఇక్కడే తినాలి, ఇక్కడే పడుకోవాలి, ఫోన్లు సీలు వేసిన కవర్లలో పైన బీరువాలో ఉండాలి, తాళం తలుపుకి బయటివైపు ఉండాలి. ఎన్నో ఏళ్ళ కిందట ఎవడో ప్రబుద్ధుడు కొత్త పన్నుల సంగతి ముందే వ్యాపారస్తుల చెవిన వేసి రెండు మేడలు కట్టుకున్నాడట, వాడి పుణ్యమా అని అప్పటినుంచి ఈ చెర. ఇద్దరు అధికారులని రూల్లో ఉంది గానీ ఉన్నది ఆమె ఒక్కతే. రెండో పోస్టు ఏడాదిన్నరగా ఖాళీ, ఖాళీ పోస్టులు నింపకూడదని ఉత్తర్వు రాసింది కూడా ఆమే. మూడు రోజులుగా ఒకటే జత బట్టలు, జుట్టునిండా కాగితపు దుమ్ము. రాత్రంతా పనిచేసిన పనివాళ్ళు లోపలి గదిలో పడుకున్నారు, గది చివర ఫోర్‌మన్ ఒక్కడే కాగితం కోసే మర నడిపిస్తున్నాడు. పత్రికలవాళ్ళకి ఇవ్వాల్సిన ప్రతుల అంచులు సరిచేయాలి. కట్ట పెట్టడం, మీట లాగడం, మూరెడు కత్తి పైనుంచి ధబీమని దిగడం, మళ్ళీ కట్ట పెట్టడం. గోడ మీది స్పీకరులో పదకొండింటి నుంచి మంత్రి గొంతు. అధ్యక్షా, ఇది అంకెల పుస్తకం కాదు, ఆశల పుస్తకం, అంటున్నాడు. ఆ వాక్యం ఆమె రాసిందే. రాసిన రోజున బాగానే అనిపించింది. ఇప్పుడు ఆ నాలుకని బయటికి లాగి, ఫోర్‌మన్ కత్తి కింద పెట్టి, తనే మీట లాగాలనిపించింది. అనిపించినందుకు సిగ్గుపడలేదు.

“బాబాయ్, నా తమ్ముడు ఆ బ్యారక్‌లోనే వార్డరు, రెండు వందల పదిహేడు ఎవరో కనుక్కో.”

“అది జైలువాళ్ళ ఛానెల్ మేడం, మనం వినడమే, మాట్లాడకూడదు. నోరు తెరిస్తే నా ఉద్యోగం ఊడుతుంది.”

“పోనీ తలుపు తియ్యి. ఒక్క ఫోన్ చేసుకుని వచ్చేస్తాను.”

“తాళంచెవి నా దగ్గరెక్కడిదమ్మా? పైన ఇన్‌స్పెక్టర్ జేబులో ఉంది. మంత్రిగారు కూర్చోవాలి, ఆయన దిగాలి, అప్పుడు.”

మంత్రిగారు కూర్చోవాలి. మంత్రిగారు ఎప్పుడు కూర్చుంటాడో ఆమెకి నిమిషంతో సహా తెలుసు. ప్రసంగం నూట పన్నెండు పేజీలు, పేజీకి నలభై సెకన్లు, మధ్యలో బల్లలు చరచడానికి మూడు నిమిషాలు, నీళ్ళు తాగడానికి ఒకటి. ఇప్పుడు నలభై ఒకటో పేజీ, సాగునీరు. ఇంకా యాభై నిమిషాలు. యాభై నిమిషాల్లో ఒక మనిషిని ఎన్నిసార్లు చంపొచ్చు? వైర్‌లెస్ మళ్ళీ నోరు తెరిచింది. పరుపులకి నిప్పు పెట్టారు, పొగకి ఏమీ కనబడటం లేదు, కిటికీ ఊచలు పీకి పట్టుకున్నారు, లోపల మనవాళ్ళు ఎంతమందో తెలియదు, ఒకడు, ఇద్దరు. ఎంతమందో తెలియకపోవడమేమిటి, ఆమెకి తెలుసు. తొంభై మందికి కట్టిన బ్యారక్‌లో రెండు వందల అరవై మంది, వాళ్ళ మధ్య తమ్ముడు ఒక్కడు, చేతిలో కర్ర, మెళ్ళో విజిల్. పదకొండో బ్యారక్‌లోనూ అంతే మంది, అక్కడా ఒక్కడే. ఇది ఆమె ఊహ కాదు, నూట డెబ్బై మూడో పేజీలో పట్టిక ఉంది, మంజూరైన వార్డర్లు, ఉన్న వార్డర్లు, ఆ పట్టిక ప్రూఫు నాలుగుసార్లు దిద్దింది, కామాలు సరిచూసింది. ఒక కట్ట తాడు పుటుక్కున తెంపి, పుస్తకం తీసి, ఆ పేజీ తిప్పింది కూడా, తమ్ముడి నంబరు అందులో దొరుకుతుందన్నట్టు. మంజూరు నాలుగు వందల పన్నెండు. ఉన్నవారు మూడు వందల డెబ్బై ఎనిమిది. పుస్తకంలో మనుషులు కుప్పగా ఉంటారు, ఒక్కొక్కళ్ళుగా ఉండరు. పుస్తకాన్ని గోడకేసి కొట్టింది. ఫోర్‌మన్ తలెత్తి చూసి, ఆమె మొహం చూసి, మళ్ళీ తల దించుకుని మీట లాగాడు.

గుర్తు తెచ్చుకో. అంకె కదా, నీ కళ్ళముందు పడ్డ అంకె ఎక్కడికీ పోదు, లోపలెక్కడో పడి ఉంటుంది, వెతుకు. మొదటిసారి యూనిఫాం తొడుక్కుని చూపించడానికి వచ్చిన రోజు, ఎలా ఉన్నానక్కా అని గుమ్మంలో నిలబడి తిరిగి చూపించాడు, ఆమె డిపార్ట్‌మెంట్ పరీక్షకి చదువుతోంది, చొక్కా వదులుగా ఉందిరా అంది, బిళ్ళ ఉంది ఎడమవైపు, తళతళలాడుతోంది, దాని మీద అంకె ఉండాల్సిన చోట వట్టి వెలుతురు. ఇంకోటి. అమ్మ ఆసుపత్రిలో పోయిన మధ్యాహ్నం డ్యూటీ నుంచి అలాగే పరుగెత్తుకొచ్చి అక్క భుజం మీద పడి ఏడ్చాడు, బిళ్ళ ఆమె మెడ కింద గుచ్చుకుంది, నొప్పి గుర్తుంది, సాయంత్రం అద్దంలో చూసుకుంటే ఎర్రగా కమిలి కూడా ఉంది, చర్మం మీద మూడంకెలు అచ్చు పడ్డాయేమో కూడా, చదవలేదు, చన్నీళ్ళు కొట్టి కడిగేసుకుంది. మూడంకెలా? నాలుగా? అదీ తెలియదు. వాడి పుట్టినరోజు తెలుసు, చెప్పు సైజు తెలుసు, ఎడమ కనుబొమ్మ మీది మచ్చ తెలుసు. మచ్చ తెలియకేం, అది ఆమె వల్ల పడిందే.

నాన్న లేతు మిషను మీద పనిచేసేవాడు, ఇంటికొచ్చాక కూడా చేతులు మిషను లాగే ఉండేవి. ఆయన కళ్ళజోడు మంచం మీద పెట్టి స్నానానికి వెళితే ఆమె చూసుకోకుండా దాని మీద కూర్చుంది. పదేళ్ళది. అద్దం పగిలిన చప్పుడు ఇప్పటికీ ఒంట్లోనే ఉంది. తువ్వాలుతో బయటికొచ్చిన నాన్న ఎవరు అని అడిగాడు, ఒక్కసారే అడుగుతాడు ఆయన, ఆరేళ్ళ తమ్ముడు మూలనుంచి లేచి నేనే అన్నాడు. ఎందుకన్నాడో ఆ తర్వాత ఎప్పుడడిగినా చెప్పలేదు. బెల్టు తీశాడు నాన్న. మొదట తోలువైపు, తర్వాత బకిలువైపు. ఆమె తలుపు పక్కన నిలబడి చూసింది. నేనే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, నాలుగో దెబ్బకి చెబుదాం, అయిదో దెబ్బకి చెబుదాం, అనుకుంటూ ఉంటే బకిలు కనుబొమ్మని చీల్చింది, నెత్తురు చూసి నాన్నే ఆగాడు. పదిహేడేళ్ళప్పుడు అదే తమ్ముడు నాన్న ఎత్తిన చెయ్యి గాల్లోనే పట్టుకుని మెలితిప్పాడు. మణికట్టు విరిగింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ కొట్టలేదు. వాడు జైలు ఉద్యోగంలో చేరతానంటే ఆమె నవ్వింది, నీకు అలవాటైన వాతావరణమేరా అంది. వాడూ నవ్వాడు. పాపిష్టి నోరు, ఏం నోరది.

స్పీకరులో మంత్రి ద్రవ్య లోటుని అదుపులో పెట్టిన తన గుండెధైర్యం గురించి చెబుతున్నాడు. రెండు పాయింట్ తొమ్మిది ఎనిమిది శాతం, అధ్యక్షా. బల్లలు చరిచారు. ఏం ధైర్యం, ఎవరి ధైర్యం? ఆ అంకె కోసం చలికాలమంతా రక్తం కక్కుకున్నది ఈమె. మూడు దాటకూడదు. రాష్ట్రం మొత్తం ఏడాది పొడుగునా పండించి, తయారుచేసి, అమ్మిన విలువలో నూటికి మూడు పాళ్ళకి మించి అప్పు తెస్తే, వచ్చే ఏడాది అప్పుకి కేంద్రంవాళ్ళు అనుమతి కోసేస్తారు, అనుమతి పోతే మార్చిలో జీతాలకి తడుముకోవాలి. లోటు మూడు పాయింట్ సున్నా ఆరు దగ్గర మొండికేసి కూర్చుంది. కోయండి మేడం, మీరు తప్ప ఎవరూ కోయలేరు, అన్నాడు కార్యదర్శి, పొగడ్తలా అన్నాడు, ఆమె కూడా పొగడ్తలానే తీసుకుంది. కోసింది. హాస్టళ్ళలో మంటలార్పే సిలిండర్లు కోసింది, అంబులెన్సుల టైర్లు కోసింది, కుక్కకాటు సూదులు పావు వంతు కోసింది, రెండేళ్ళు దాటిన ఖాళీ పోస్టులన్నీ ఒక్క వేటుకి కోసింది. ప్రతి కోతకీ ఎక్కడో ఎవరి ఒంట్లోనో నెత్తురొస్తుందని తెలియక కాదు. ఆ ఒళ్ళు ఎవరిదో పుస్తకంలో ఉండదు కాబట్టి చెయ్యి వణకదు, అంతే. జైళ్ళ శాఖ అడిగిన ముప్ఫై నాలుగు మంది వార్డర్లు కూడా అందులోనే పోయారు. వాళ్ళ ఏడాది జీతం రెండు కోట్లు కూడా కాదు. రెండు లక్షల కోట్ల పుస్తకంలో అది నలుసు. నలుసు కాబట్టే వదలకూడదు, నలుసులన్నీ ఊడిస్తేనే కదా గది శుభ్రమయ్యేది, అని జూనియర్లకి పాఠం చెప్పింది కూడా.

ఆ వారమే తమ్ముడొచ్చాడు, డ్యూటీ దిగి నేరుగా, యూనిఫాంలోనే. అవును, యూనిఫాంలోనే, ఎదురుగా కుర్చీలో, చొక్కా మీద బిళ్ళ, ఆమె ఫైలు చూస్తోంది. తలెత్తు. ఒక్కసారి తలెత్తి వాడి ఛాతీ చూడు. జ్ఞాపకంలో కూడా తలెత్తలేదు ఆమె. అక్కా, బ్యారక్‌కి ఇద్దరం ఉండాలక్కా, అన్నాడు వాడు. ఒక్కణ్ణే ఉంటే నేను వాళ్ళకి కాపలా కాదు, వాళ్ళు నాకు కాపలా. మొన్న ఒకడు నవ్వుతూ నా విజిల్ తీసుకుని ఊది మళ్ళీ నా మెళ్ళో వేశాడు. నేనూ నవ్వాను, ఇంకేం చెయ్యను? ఆమెకి కోపమొచ్చింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క పద్దు ఒక్కరి మొహం చూసి మార్చలేదు నేను, రేపు తమ్ముడి శాఖకి పెట్టుకుందని కారిడార్లో అనుకుంటే ఎక్కడ పెట్టుకోను తల, అంది. వాడు సరేనక్కా అని లేచాడు. ఆ సరే రాత్రంతా గుచ్చింది. పొద్దున ఆఫీసుకెళ్ళి కొత్త పద్దు ఒకటి తెరిచింది. బ్యారక్ భద్రతకి అదనపు సిబ్బంది. పేరు పెట్టింది, కోడ్ ఇచ్చింది, ఎదురుగా వెయ్యి వేసింది. కోటి కాదు, లక్ష కాదు, వట్టి వెయ్యి రూపాయలు. టోకెన్ అంటారు ఆ శాఖలో. పద్దు బతికి ఉండటానికి వేసే అంకె. ఆరు నెలలు పోయాక అనుబంధ బడ్జెట్‌లో గాలి అనుకూలిస్తే దానికి డబ్బొస్తుంది, లేకపోతే ఆ వెయ్యితోనే ఏళ్ళ తరబడి అలా పడి ఉంటుంది. ఆర్థిక శాఖవాళ్ళకి అది అబద్ధం కాదు. పద్దు పుట్టింది అంటారు, మిఠాయిలు కూడా పంచుకుంటారు. ఆమె ఫోన్ చేసి, పెట్టాన్రా, బ్యారక్‌కి ఇద్దరు చొప్పున, ఏప్రిల్ నుంచి, అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మనసు నిజంగానే తేలికపడింది. ఇంతకంటే పెద్ద మోసం ఇంకోటి ఉందా? వాణ్ణి మోసం చేసి ఊరుకుందా, తనని తాను కూడా చేసుకుంది.

వాడు అక్కడితో ఆగితే బాగుండేది. ఆ ఆదివారం పొడుగాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. పదకొండో బ్యారక్ వార్డరు, తమ్ముడికంటే పదేళ్ళు పెద్ద, గుమ్మం దాటుతూ ద్వారబంధానికి నుదురు కొట్టుకుని, ఇది మామూలేనమ్మా, ఊళ్ళో గుమ్మాలన్నీ నా నుదుటికి తెలుసు, అని నవ్వాడు. అర డజను కమలాపళ్ళు తెచ్చాడు. చిన్న ఊళ్ళో సబ్‌జైలుకి బదిలీ అడుగుతూ కాగితం పూర్తిచేసి జేబులో పెట్టుకున్నాడు, అక్కడ నలభై మంది ఖైదీలు, ప్రాణానికి హాయి, పెళ్ళాం పోరుతోంది. మీ తమ్ముడు చెప్పాడు మేడం, ఏప్రిల్ నుంచి ఇద్దరిద్దరమట, నిజమేనా? నిజమే, పద్దు ఉంది, అంది ఆమె. ఆ వాక్యంలో ఒక్క అక్షరం తప్పు లేదు. మీరంటే చాలు, అని పొడుగాయన కాగితం తీసి ఆమె ఎదుటే నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి, ముక్కలు బల్ల మీద పెట్టాడు. ఈ కుర్రాణ్ణి వదిలేసి పోవడం నాకూ ఇష్టం లేదు, అన్నాడు. అప్పుడు చెప్పొచ్చు. ఆ పద్దులో ఉన్నది వట్టి వెయ్యేనండీ, ఆ కాగితం అతికించుకోండి, అని చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. కమలాపండు ఒలుస్తూ కూర్చుంది.

వైర్‌లెస్ గరగరమంది. పన్నెండో బ్యారక్ పైకప్పు మీద ముగ్గురు ఖైదీలు, మధ్యలో యూనిఫాం మనిషి, మెడకి ఏదో చుట్టారు, దగ్గరికొస్తే తోసేస్తామంటున్నారు. ఎవరా మనిషి? సెట్టు చెప్పదు. మెట్ల దగ్గర పడ్డవాడు తమ్ముడైతే పైన ఉన్నది ఇంకెవరో. పైన ఉన్నది తమ్ముడైతే కింద పడ్డది ఇంకెవరో. సరిగ్గా అప్పుడే స్పీకరులో మంత్రి గొంతు సవరించుకుని అందుకున్నాడు. అధ్యక్షా, కాపలా కాసే చేతుల్ని కూడా ఈ ప్రభుత్వం మరిచిపోలేదు, జైళ్ళలో బ్యారక్‌కి ఇద్దరు చొప్పున అదనపు సిబ్బంది కోసం ఈ ఏడాది కొత్త పద్దు ప్రారంభిస్తున్నాం. బల్లలు చరిచారు. దబదబదబ, వందల చేతులు, ఆగకుండా, ఒంటి మీద పడ్డట్టు. కాపలా పెద్దాయన మొహం విప్పారింది. చూశారా మేడం, వస్తున్నారు, ఇక మీ తమ్ముడుగారికి బెంగ లేదు, ధైర్యంగా ఉండండి, అంటూ ఊచల దగ్గరికొచ్చాడు, చేతిలో నీళ్ళ గ్లాసు.

ఆమె రెండు చేతులూ ఊచల్లోంచి పోయి ఆయన కాలర్ పట్టుకున్నాయి. పట్టుకున్నాక లాగాయి. మొహం ఇనుముకి తగిలిన చప్పుడు చిన్నగానే వచ్చింది, అది చాలలేదు, మళ్ళీ లాగింది, మళ్ళీ. గ్లాసు ఎక్కడో పగిలింది. అడుగు, ఎవరో అడుగు, నీ ఉద్యోగం తగలెయ్య, అడుగు దాన్ని, అని అరుస్తున్నది తనేనని కాసేపటిదాకా తెలియలేదు. చంపాలని ఉంది. ఈయన్నే అని కాదు, మంత్రిని, కార్యదర్శిని, బల్లలు చరిచే చేతుల్ని, బెల్టు తీసిన చేతుల్ని, కమలాపండు ఒలిచిన చేతుల్ని, ఎవరో ఒకరు దొరికారు, దొరికినవాళ్ళని కొట్టడమే కదా ఇన్నేళ్ళుగా ఆమె చేస్తున్న పని, ఎప్పుడూ కాగితం మీద చేసేది, ఈసారి చేతులకి తడి తగిలింది. ఫోర్‌మన్ పరుగెత్తుకొచ్చి వెనకనుంచి నడుం పట్టుకుని లాగుతున్నాడు. ఆమె వదలలేదు. ఆయన చొక్కా ఆమె పిడికిట్లో, ఆ చొక్కా మీద ఇత్తడి బిళ్ళ, కంటికి జానెడు దూరంలో. ఎనభై ఎనిమిది. చదివింది. పదహారేళ్ళలో మొదటిసారి ఒక మనిషి ఛాతీ మీది అంకె చదివింది.

చదవగానే ఇంకో అంకె దాని పక్కకొచ్చి నిలబడింది. తలకిందులుగా. బల్లకి అవతలివైపు నుంచి కాగితాలు తలకిందులుగా చదవడం ఆమె శాఖలో అందరికీ వచ్చిన విద్య, మంత్రుల ముందున్న చీటీలు అలాగే చదివేస్తారు. చింపిన కాగితం నాలుగు ముక్కలు, కమలాతొక్కల పక్కన, పై ముక్క మీద పొడుగాయన గుండ్రటి రాత, పేరు, కింద బిళ్ళ నంబరు. రెండు, ఒకటి, ఏడు. కళ్ళు చదివేశాయి, ఆమె చదవలేదు. రెండు వందల పదిహేడు. తమ్ముడు కాదు. తమ్ముడు కాదు! చేతులు వాటంతటవే వదిలేశాయి. హమ్మయ్య అనేసింది పైకే, నవ్వింది, పగలబడి నవ్వింది, నా తమ్ముడు కాదు బాబాయ్, వాడు కాదు, అంటూ ఫోర్‌మన్ భుజం మీద చరిచింది, ముక్కులోంచి నెత్తురు కారుతున్న పెద్దాయన కూడా పాపం ఏమనుకున్నాడో సంతోషమే మేడం అన్నాడు. ఎంతసేపు నవ్విందో. ఒక పేజీ, నలభై సెకన్లు. తర్వాత గుమ్మానికి నుదురు కొట్టుకుని నవ్విన మొహం కనబడింది. ఆ మనిషి చచ్చిపోతే ఆమె సంబరపడింది. ఆ మనిషి తన ఎదుట కాగితం చింపుతుంటే చూసింది, ఇప్పుడు ఆ మనిషి చావు తన ఇంటిది కాదని తెలిసి కేరింతలు కొట్టింది. పుస్తకాల కట్ట మీద కూలబడింది. పక్కకి వంగి వాంతి చేసుకుంది, కొత్త ప్రతుల మీదే.

మిగతా పేజీలు ఎలా గడిచాయో ఆమెకి తెలియదు. రోడ్లు వచ్చాయి, పర్యాటకం వచ్చింది, పన్నుల్లో మార్పులు వచ్చాయి. పెద్దాయన తల వెనక్కి వాల్చి, జేబురుమాలు ముక్కుకి అదుముకుని, మా ఆవిడ చెయ్యి ఇంతకంటే బరువేలెండి, అని ఒకసారి గొణిగాడు. క్షమించు బాబాయ్ అంది ఆమె. ఆయన తల ఊపాడు, ఒప్పుకున్నట్టా, వద్దన్నట్టా తెలియలేదు. పైకప్పు మీది మనిషిని, అంటే తమ్ముణ్ణే, దింపేశారని, బతికే ఉన్నాడని, చెయ్యి విరిగిందని సెట్టు చెప్పినప్పుడు ఆమె చిత్తు కాగితంతో ప్రతుల మీది వాంతి తుడుస్తోంది. మంత్రి కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ దిగొచ్చి తాళం తీశాడు, పెద్దాయన ముక్కూ నేల మీది గాజుముక్కలూ చూసి ఏదో అడగబోయాడు, పెద్దాయనే కాలు జారానండీ అన్నాడు. ఇన్‌స్పెక్టర్ పైనుంచి తెచ్చిన సీలు వేసిన కవరు పళ్ళతో చింపి ఫోన్ తీసుకుని ఆమె మెట్ల కిందే నిలబడి చేసింది. ఒక్క రింగుకే ఎత్తాడు.

“అక్కా.”

“ఒరేయ్. చెయ్యొకటేనా? ఇంకెక్కడైనా తగిలిందా?”

“చెయ్యే. మెడ కొంచెం. పొడుగాయన పోయాడక్కా. తన బ్యారక్ వదిలేసి నా కోసం వచ్చాడు. మెట్ల మీదే పట్టుకున్నారు. పళ్ళేలతో కొట్టారక్కా, అన్నం తినే పళ్ళేలతో. నేను లోపలున్నాను. అంతా వినబడింది.”

ఆమె గోడకి ఆనుకుంది. వాడి గొంతులో ఏడుపు లేదు. డ్యూటీ అప్పజెప్పేటప్పుడు మాట్లాడే గొంతు.

“నువ్వు పెట్టిన ఇద్దరు వచ్చే నెల వస్తారు కదా. అందులో ఒకణ్ణి ఆయన చోట్లో వేసేస్తారు. అంటే లెక్కకి ఒకడు తగ్గుతాడు. ఇంకొకణ్ణి పెట్టించాలక్కా. రాసుకో.”

రాసుకున్నాన్రా, అంటే సరిపోతుంది. వాడు నమ్ముతాడు. ఏప్రిల్ దాకా నమ్ముతాడు, ఏప్రిల్ దాటాక ఫైలు నడుస్తోందంటే అదీ నమ్ముతాడు. ఆ మాట నోట్లో సిద్ధంగా ఉంది, ఇరవై రెండేళ్ళుగా అలవాటైన మాట.

“ఎవరూ రారురా,” అంది. “డబ్బు పెట్టలేదు. పద్దుకి పేరు రాసి వెయ్యి వేశాను, అంతే. వెయ్యితో ఒక్కడికి ఒక్క రోజు జీతం కూడా రాదు. తెలిసే వేశాను. ఆయన నా ముందు కాగితం చింపినప్పుడు కూడా తెలుసు.”

అటువైపు ఏదో స్ట్రెచరు చక్రాల చప్పుడు, ఎవరో పక్కకి తప్పుకోమంటున్నారు. పైన సభ విడిపోయినట్టుంది, మెట్ల మీద బూట్లు, నవ్వులు, కార్ల తలుపులు.

“ఎదురుగా ఉంటే చంపేసేవాణ్ణక్కా నిన్ను,” అన్నాడు తమ్ముడు. గొంతు పెంచలేదు.

“ఎక్కడున్నావో చెప్పు. వస్తున్నా.”

“పెద్దాసుపత్రి వెనక గేటు. శవాల గది బయట.” ఊపిరి తీసుకున్నాడు. “వాళ్ళావిడ కూడా ఇక్కడే ఉంది. ఏప్రిల్ నుంచి ఇద్దరొస్తారని ఆయన ఆమెకి కూడా చెప్పాడు.”

“ఉండమను,” అంది ఆమె, మెట్లెక్కుతూ. “ఆమెకి నేనే చెబుతాను.”